మూడు సిలిండర్లూ ఒక రాయీ

మా ఆయనకి రెండు ప్రేమలున్నాయి. ఒకటి యూరపులో ఒక కార్ల కంపెనీ తయారుచేసిన ఇంజను. రెండోది నేనే అయ్యుంటానని పెళ్లయిన దగ్గర్నుంచీ అనుకుంటున్నాను గానీ, నమ్మకంగా చెప్పలేను. ఆ ఇంజను గురించి ఆయన దారినపోయేవాళ్లని నిలబెట్టి అరగంట చెప్పడం చూశాను. నా గురించి ఎవరికీ అలా చెప్పగా చూడలేదు.

మేం అరకులో ఉంటాం. ఆయన కాఫీ పండ్ల తొక్క తీసే యూనిట్లో మెషిన్లు చూసుకుంటారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మాతో పాటు మా అత్త ఉంటుంది. ఆవిడది కొండ కింద, ఎస్.కోట పక్కన పల్లె. మామ ఉన్నప్పుడు ఇంట్లో నలుగురం. మామ పోయాక ముగ్గురమయ్యాం. మాకు పిల్లలు పుట్టలేదు. డాక్టర్ల దగ్గరా దేవుళ్ల దగ్గరా చేయాల్సినవన్నీ చేసి, అలిసిపోయి, చివరికి ఒక బిడ్డని దత్తత తీసుకుందామని పేర్లు నమోదు చేయించుకుని ఎదురు చూడడం మొదలుపెట్టాం. ఆ ఎదురుచూపు ఏళ్లు పట్టింది. దాని గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది గ్యాస్ బండ కోసం ఎదురు చూడడం లాంటిది కాదు.

ఆ రోజుల్లోనే ఈ కారు మా ఇంటికొచ్చింది. సెకండ్ హ్యాండ్ బండి. విశాఖలో ఎవరో అమ్ముతున్నారంటే మా ఆయన వెళ్లి చూసొచ్చారు. ఇక ఆయనకి అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. నన్ను పెళ్లిచూపుల్లో చూసొచ్చిన రోజు మాత్రం మూడుసార్లు వడ్డించుకుని శుభ్రంగా భోంచేశారని మా అత్త చెప్పింది. అది విని మనసులో పెట్టుకున్నాను.

బండి వచ్చిన సాయంత్రం ఆయన బానెట్ ఎత్తి, నన్నూ అత్తనీ ఎదురుగా నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు. ఈ ఇంజను ఒంటరిది కాదట, దానికో కుటుంబం ఉందట. ఆ కంపెనీవాళ్లు ఒక్క సిలిండరుని శ్రద్ధగా తయారుచేసుకుని, చిన్న బండికి మూడు, పెద్ద బండికి నాలుగు పక్కపక్కన పేర్చుకుంటూ పోతారట. లోపలి సామాను చాలావరకు ఒకే అచ్చు. ఒకే ఫ్యాక్టరీలో చిన్నదీ పెద్దదీ ఒకదాని వెనక ఒకటి తయారవుతాయి. ఏ బండి బానెట్ కిందైనా ఇమిడిపోయేలా అన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి, ఒకే చోట బోల్టులు బిగించుకుంటాయి.

"అంటే ఇడ్లీ పాత్ర" అన్నాను. "చుట్టాలొస్తే ఇంకో రేకు వేసుకోవడం."

ఆయన మనసు నొచ్చుకుంది. యూరపు ఇంజనీర్లు ఏళ్ల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని చేసినదాన్ని పట్టుకుని ఇడ్లీ పాత్ర అంటావా అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకి యూనిట్లో అందరికీ ఆయనే ఇడ్లీ రేకులతో ఆ ఇంజనుని వివరిస్తున్నారని తెలిసింది. పోలిక ఎవరిదో మాత్రం చెప్పలేదట.

అత్త అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంజన్లోకి తొంగి చూస్తోంది. "మరి మనదానికి ఎన్ని రేకులు బాబూ?" అని అడిగింది.

"మూడమ్మా."

ఆవిడ మొహం మాడిపోయింది. "మూడేటి? ఇంత పెట్టి కొన్నావు, ఆ నాలుగోది కూడా ఎయ్యమని అడగలేకపోనావా?"

మావైపు వాళ్లకి మూడంటే పడదు. కంచంలో మూడు ఇడ్లీలు పెట్టరు, పెడితే రెండన్నా ఉండాలి, నాలుగన్నా ఉండాలి. ముఖ్యమైన పని మీద ముగ్గురు కలిసి బయల్దేరరు. మరీ తప్పకపోతే నాలుగో మనిషి బదులు ఒక రాయిని వెంట తీసుకెళ్తారు. రాయి సంచిలో కూర్చుని వస్తుంది, టిక్కెట్టు అడగదు, టీ తాగదు, పని చెడగొట్టదు. మామ పోయాక మేం ముగ్గురం కలిసి ఎక్కడికి వెళ్లినా అత్త సంచిలో ఒక రాయి ఉండేది. బంధువుల పెళ్లిళ్లకి కూడా ఆ రాయి మాతో వచ్చి, భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చునేది.

మూడు సిలిండర్ల బండ్లు మన దేశంలో కొత్తేమీ కాదు, రోడ్డు మీద చిన్న కార్లలో చాలా అవే. కానీ యూరపు బండి అంటే నాలుగుంటాయని అందరికీ ఒక గట్టి నమ్మకం. మా చెల్లెలి మొగుడికి అదే కంపెనీ బండే ఉంది, నాలుగు సిలిండర్లది. మా బండిని అతను ముప్పావు కారు అంటాడు. ఆగి ఉన్నప్పుడు మా స్టీరింగు సన్నగా వణుకుతుంది. అది జబ్బు కాదని, బేసి సంఖ్య కాబట్టి ఊపిరి అలా ఉంటుందని మా ఆయన వకాలత్తు పుచ్చుకుంటారు. "అవి అన్నదమ్ములోయ్, మాది చిన్నోడు" అంటారు. బానెట్ కింద ఒక పక్కన ఖాళీ జాగా చూపించి, కావాలంటే పెద్దది కూడా ఇక్కడే పడుతుంది, అందుకే ఆ చోటు వదిలేశారు అని చెప్తారు.

ఆ మాట అత్త చెవిన పడింది. ఆవిడ వంగి ఆ ఖాళీ చోటుని చాలాసేపు చూసింది. "అయితే ఒకలికి జాగా ఉందన్నమాట" అంది.

మొదటిసారి కొండ కింద ఉన్న శిశుగృహ నుంచి పిలుపొచ్చినప్పుడు మేం ముగ్గురం ఆ బండిలోనే బయల్దేరాం. ఒక బాబుని చూపిస్తామన్నారు. దారిలో అత్త సంచి సర్దుతుంటే రాయి బయటపడింది. మా ఆయన నవ్వి, "అమ్మా, ఈ పనికి కూడానా" అని దాన్ని తీసుకుని కిటికీలోంచి లోయలోకి విసిరేశారు. నేను కూడా నవ్వాను. అక్కడికి వెళ్లాక బాబుని చూశాం, నా వేలు పట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఉయ్యాల కొన్నాం. తర్వాత ఆ బాబు సొంత మేనమామ ముందుకొచ్చాడని, బిడ్డని వాళ్లకే ఇవ్వడం న్యాయమని చెప్పారు. న్యాయమే. ఆ మేనమామ మంచివాడై ఉండాలని ఇప్పటికీ కోరుకుంటాను. కానీ ఉయ్యాల విప్పి అటక మీద పెట్టిన రోజు నేను బడికి వెళ్లలేదు, వంట చేయలేదు. అత్త రాయి సంగతి ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆయన ఆ దిగులంతా ఇంజను మీద పెట్టుకున్నారు. ఆదివారమొస్తే బానెట్ ఎత్తి దాన్ని తుడిచేవారు. తుడిచిందే తుడిచేవారు.

మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి పాప. రెండు నిండి మూడో ఏడు నడుస్తోందన్నారు. "మూడో ఏడు అనకండి, రెండు నిండాయి అనండి" అని అత్త మమ్మల్ని దిద్దింది. దత్తత ఇచ్చే కమిటీ వాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతారు, అన్నీ కుదిరితే పాపని ఆ రోజే మాతో పంపిస్తారు. పదకొండు గంటలకి అక్కడ ఉండాలి.

కబురు తెలిసి మా ఆడపడుచు ఎస్.కోట నుంచి ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్‌లో ఉందని ఆవిడకి తెలియదు, తెలిసినా ఆగే మనిషి కాదు. "ఏ రక్తమో, ఏ పోలికో. రేపు పెద్దయినాక ఎవులి బుద్దులొస్తాయో. ఆలోసించుకోండమ్మా" అంది. అత్త ఫోను పెట్టేసి ములక్కాడలు తరగడానికి కూర్చుంది. కాసేపాగి, తల ఎత్తకుండా, "పిల్లకి మన పోలిక ఒక్కటీ రాదా అమ్మీ?" అని నన్ను అడిగింది.

నాకు కోపం వచ్చింది. అత్త మీద కాదు. ఆ ప్రశ్న మీద. నేను లేచి వెళ్లి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పాపకి ఇక్కడ నేనుంటాను, మా ఆయన ఉంటారు. కానీ అత్త మనసులో ఆ ప్రశ్న అలా మిగిలిపోతే, ఆ ఇంట్లో పిల్ల ఎప్పటికీ చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఉండిపోతుందని భయపడ్డాను.

ప్రయాణం రోజు పొద్దున్నే మా ఆయన స్నానానికి వెళ్లగానే అత్త నా మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది. కమలాపండంత రాయి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపు గుడ్డలో మూటకట్టి రెడీగా ఉంది.

"సంచిలో ఎడితే ఆడు మళ్లీ ఇసిరేస్తాడు" అంది. "ఆ మూత నీకు తెరవడం వచ్చును కదా?"

"బానెట్లోనా అత్తా?"

"మనం ముగ్గురం. బండికీ మూడే. ఎలగవుద్ది సెప్పు పని? అక్కడ జాగా ఉందని ఆడే అన్నాడు కాదా. బేగి ఎట్టేసి రా. ఆడికి సెప్పకు."

నేను సోషల్ టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లలకి మూఢనమ్మకాల పాఠం చెప్తాను, దాని మీద ప్రశ్నలు కూడా ఇస్తాను. అయినా వెళ్లి బానెట్ ఎత్తాను. ఆ ఖాళీ చోట్లో మూటని కూర్చోబెట్టి, పాత చీర అంచుతో అక్కడున్న కమ్మీకి కట్టాను. అత్త పక్కన నిలబడి, "గట్టిగా కట్టు" అంటూ స్నానాల గది వైపు కాపలా కాసింది.

మేం బయల్దేరాం. చెట్ల కింద మిరియాల తీగలు ఇంకా తడిగా ఉన్నాయి. సుంకరిమెట్ట ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది. టక్. కాసేపాగి టక్ టక్. ఎక్కుడులో ఎక్కువ, చదునులో తక్కువ. మా ఆయన రేడియో ఆపేశారు. అద్దం దించారు. ఆయన మొహం చూస్తే, ఎవరికో ఆపరేషన్ జరుగుతుంటే బయట బెంచీ మీద కూర్చున్నవాడిలా ఉన్నారు.

"నీకు వినిపిస్తోందా?" అని నన్ను అడిగారు.

"ఏమిటి?" అన్నాను. వెనక సీట్లో అత్త దగ్గింది.

గాలికొండ దగ్గర టూరిస్టులు లోయ చూడడానికి ఆగే చోట బండి పక్కకి తీసి ఆపారు. ఇంజను ఆపలేదు, దిగి బానెట్ ఎత్తకుండానే దాని మీద చెవి ఆనించారు. అరకు దారిలో ఒక మనిషి కారుకి చెవి ఆనించి నిలబడితే జనం పోగవడానికి ఎక్కువ సేపు పట్టదు. బొంగులో చికెన్ అమ్మే ఆయన వచ్చి, బేరింగు పోయిందన్నాడు. సంతకి జనాన్ని దించి వస్తున్న జీపు డ్రైవరు ఆగి, "టాపెట్ సౌండు సార్" అన్నాడు. ఊటీ టోపీ పెట్టుకున్న టూరిస్టు ఒకాయన ఫోన్లో వెతికి, టైమింగ్ చెయిన్ వదులైందని తేల్చాడు.

"దీనికి చెయిన్ ఉండదండీ, బెల్టు" అన్నారు మా ఆయన. అంత కష్టంలోనూ ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం వినిపించింది.

"మూడు సిలిండర్లే కదా సార్, నాలుగోది లేక అలా కొట్టుకుంటుందేమో" అన్నాడు టోపీ ఆయన. మా ఆయన లెక్కలో ఆ మనిషి అప్పటికే చచ్చిపోయాడు.

నేను కారులోనే కూర్చున్నాను. ఒక్క మాట చాలు. అది ఇంజను కాదండీ, మేం పెట్టిన రాయి, కట్టు వదులైంది అంటే రెండు నిమిషాల్లో బయల్దేరొచ్చు. అవతల పదకొండు గంటలకి కమిటీ. ఇవతల ఈయన, ఘాట్ దిగుతుంటే మధ్యలో ఇంజను ఆగిపోతే ముగ్గురం లోయలో ఉంటాం, బండి ఇక్కడే వదిలేసి బస్సు కోసం చూద్దాం అంటున్నారు. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

కానీ చెప్తే ఆయన ఆ రాయిని తీసి విసిరేస్తారు. నాకు ఆ రాయి మీద నమ్మకం లేదు. ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు. కానీ పోయినసారి విసిరేసిన తర్వాత జరిగింది నాకు గుర్తుంది. నా వేలు పట్టుకున్న ఆ చిన్న చెయ్యి గుర్తుంది. ఇంకోసారి ఉయ్యాల విప్పే ఓపిక నాకు లేదు. నేను చదివిన చదువంతా ఒక పక్క, ఆ భయం ఒక పక్క. భయమే గెలిచింది. వెనక నుంచి అత్త చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది, గట్టిగా నొక్కింది. ఆవిడదీ అదే భయమని నాకు అర్థమైంది.

మా ఆయన ఇంజను ఆపి బానెట్ ఎత్తారు. వంగి లేచి, బానెట్ పక్కకి వచ్చి నిలబడ్డారు. చేతిలో పసుపు మూట.

ఊటీ టోపీ ఆయన ఒక్క గంతులో రోడ్డు అవతల ఉన్నాడు. "చేతబడి సార్, ముట్టుకోకండి" అంటూనే ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. బొంగులో చికెన్ ఆయన కూడా నాలుగడుగులు వెనక్కి వేశాడు. జీపు డ్రైవరు మాత్రం వంగి కారులోకి చూశాడు, మా ఇద్దర్నీ చూశాడు.

"ఎంతమంది ఎల్తన్నారు సార్?" అని అడిగాడు.

"ముగ్గురం" అన్నారు మా ఆయన.

"ఏటి పని మీద?"

"బిడ్డని తెచ్చుకోవడానికి."

"అలగైతే రాయే సార్ అది" అన్నాడు డ్రైవరు. "మా ఊల్లో కూడా ఎట్టుకెల్తారు."

మా ఆయన మూట విప్పారు. రాయి చూశారు. దాని బొట్టు చూశారు. అద్దంలోంచి వాళ్లమ్మని చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను కళ్లు దించుకోలేదు. విసిరితే దిగి వెళ్లి లోయలోంచైనా తెచ్చుకుంటానని అనుకున్నాను. గాలికొండ దగ్గర లోయ ఎంత లోతో చూసినవాళ్లకి తెలుసు, అది అయ్యే పని కాదు. అయినా అనుకున్నాను.

ఆయన నా కిటికీ దగ్గరకొచ్చారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. గొంతు మాత్రం యూనిట్లో కుర్రాళ్లని తిట్టే గొంతే.

"ఇంజన్లో ఎవరైనా గుడ్డతో కడతారా?" అన్నారు. "వేడికి అంటుకుంటే? బెల్టులో పడితే? చదువుకున్నదానివి, ఆమాత్రం తెలియదా? కట్టాలనుకున్నప్పుడు తీగతో కట్టాలి."

ఆయనకి అభ్యంతరం రాయి మీద కాదు, పనితనం మీద. జీపు డ్రైవరు తన సీటు కింద నుంచి బైండింగ్ వైరు తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఆ రాయిని ఆ ఖాళీ చోట్లో, ఏ భాగానికీ తగలకుండా, కదలకుండా బిగించారు. అది ఆ కంపెనీవాళ్లు బిగించినదానిలాగే ఉంది. పసుపు గుడ్డ ఉండాల్సిందేనని అత్త కారులోంచి పట్టుబట్టింది. గుడ్డ నీ సంచిలో పెట్టుకో, రాయి ఇక్కడుంటుంది, రెండూ ఒకే బండిలో ఉన్నాయిగా అని ఆయన బేరమాడారు. ఆవిడ ఒప్పుకుంది.

కొండ దిగుతుంటే ఏ చప్పుడూ లేదు. "చూశావా, మూడూ ఎంత చక్కగా కొడుతున్నాయో" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు.

మేం వెళ్లేసరికి కమిటీవాళ్లు టీ తాగుతున్నారు. మమ్మల్ని చాలా అడిగారు. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగితే అత్త అందరికంటే ముందు, "ముగ్గురమమ్మా. ఇప్పటికి" అంది. పాపని తీసుకొచ్చారు. పొట్టి జుట్టు, చేతిలో ఒక ప్లాస్టిక్ చెంచా. నా దగ్గరికి రాలేదు. అత్త దగ్గరికి రాలేదు. మా ఆయన చేతిలో ఉన్న కారు తాళం వైపు చూసింది. ఆయన కింద కూర్చుని, దాని మీద బటను నొక్కి చూపించారు. బయట ఆవరణలో మా బండి కుయ్ మంది, లైట్లు వెలిగాయి. పాప చెంచా పారేసి తాళం లాక్కుంది. నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆయన ఆ పిల్లకి కూడా ఇడ్లీ రేకుల పాఠం మొదలుపెట్టారు. ఆ పిల్లకి నచ్చింది మా బండి. మేం దాంతో పాటు వచ్చాం కాబట్టి మమ్మల్నీ భరించింది. మధ్యాహ్నం భోజనం వేళకి నా చేత్తో రెండు ముద్దలు తింది. మూడోది వద్దంది. అత్తకి అది చాలా నచ్చింది.

సాయంత్రం అయ్యేసరికి పాపని మాతో పంపారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ వెనక్కి పిలవలేదు. పాప వెనక సీట్లో నా ఒళ్లో కూర్చుంది, పక్కన అత్త. తాళం లాక్కుంటే ఏడుస్తుందని, ఇంట్లో స్పేరు తాళం ఎందుకు వదిలేసి వచ్చామా అని తిట్టుకుంటూ, మా ఆయన ఆ పిల్లని చాలాసేపు బతిమాలారు. చివరికి చెంచాకీ తాళానికీ మార్పిడి కుదిరింది.

బొడ్డవర దాటి, ఘాట్ మొదలయ్యే చోట అత్త బండి ఆపమంది. "ఆ మూత తెరువు" అంది కొడుకుతో.

"ఎందుకమ్మా? బాగానే బిగించాంగా."

"ఇప్పుడు నలుగురం కాదా. ఇంక దాన్ని ఎందుకు మోయించడం?"

"ఇంజను ఇంకా మూడేనమ్మా" అన్నారు ఆయన. అంటూనే దిగి, ప్లయరుతో తీగ విప్పారు. రాయి గోరువెచ్చగా ఉంది. అత్త దాన్ని రెండు చేతుల్లో తీసుకుని, రోడ్డు పక్కన ఒక చెట్టు మొదట్లో పెట్టింది. దాని మీద దుమ్ము తుడిచింది.

"ఇంత దూరం తోడొచ్చినావు" అంది రాయితో. "ఇంక నువ్వెల్లు. మా మనిసి వచ్చీసినాది."

మామ పోయిన తర్వాత అత్త ఎవరితోనైనా అంత మెత్తగా మాట్లాడడం నేను వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పాప నా మొహం వింతగా చూసి, చెంచాతో నా చెంప గోకింది.

మామ సంగతి ఒకటి చెప్పాలి. మామకి ఘాట్ రోడ్డు పడేది కాదు. మైదానంలో ఎంత దూరమైనా రాజాలా కూర్చునే మనిషి, శివలింగపురం దాటి మలుపులు మొదలయ్యేసరికి పాలిపోయి కక్కుకునేవారు. నిమ్మకాయ వాసన చూసినా, కళ్లు మూసుకున్నా, ముందు సీట్లో కూర్చున్నా లాభం లేదు. అత్త సంచిలో ఎప్పుడూ ప్లాస్టిక్ కవర్లు ఉండేవి. ఒక చేత్తో కవరు పట్టుకుని, ఇంకో చేత్తో వీపు రాస్తూ, "లోకంలో అందరూ ఎక్కుతారు ఈ కొండ, నీకే ఏటొచ్చినాది" అని తిట్టేది. మామ పోయాక కూడా ఆ కవర్లు సంచిలో అలాగే ఉండిపోయాయి. ఎందుకత్తా అంటే, కూరగాయలకి పనికొస్తాయిలే అనేది. ఆవిడ కూరగాయలు గుడ్డ సంచిలో తెస్తుంది.

బండి ఎక్కడం మొదలుపెట్టింది. రెండు మలుపులు బాగానే ఉంది. ఆ తర్వాత పాప ఆడడం మానేసింది. చెంచా కింద పడేసింది. పెదాలు తెల్లబడ్డాయి. నాకేమీ అర్థం కాలేదు, నేను తల్లినై ఇంకా ఒక పూట కాలేదు. అత్త మాత్రం ఒక్కసారి పాప మొహం చూసింది. చూడగానే ఆవిడ చెయ్యి తనంత తానే సంచిలోకి వెళ్లింది.

కవరు తీసి పాప నోటి దగ్గర పెట్టడమూ, పాప కక్కుకోవడమూ ఒకేసారి జరిగాయి. సగం కవర్లో, సగం నా కొత్త చీర మీద. మా ఆయన కంగారుపడి బండి ఆపబోయారు. అత్త వద్దంది. ఒక చేత్తో కవరు పట్టుకుని, ఇంకో చేత్తో ఆ చిన్న వీపు రాస్తోంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. పొద్దున్నించీ, కాదు, మా ఆడపడుచు ఫోన్ చేసిన రోజు నించీ ఆవిడ మోస్తున్నదేదో దిగిపోయినట్టుంది.

"సూడు బాబూ, అచ్చం మీ నాన్నే" అంది కొడుకుతో. తర్వాత పాప మూతి కొంగుతో తుడిచి, తన ఒళ్లోకి తీసుకుంది. "లోకంలో అందరూ ఎక్కుతారు ఈ కొండ. నీకే ఏటొచ్చినాదే గుంటా?"